చక్కెర వ్యాధి: తోడు వేరు, కాపలా వేరు

చక్కెర వ్యాధి ఉన్న మనిషి వైద్యుని ఎదుట కూర్చునేది సంవత్సరానికి నాలుగు మార్లు అనుకుందాం. ఒక్కొక్కసారి పావుగంట. అంతా కలిపితే ఒక గంట. సంవత్సరంలో గంటలు 8,760. తక్కిన 8,759 గంటలూ ఆ వ్యాధికి చికిత్స జరిగేది వంటింట్లో, కంచం ముందు, పడకగదిలో, పనికి పోయే దారిలో. ఈ లెక్క చూస్తే చక్కెర వ్యాధికి అసలైన వైద్యశాల ఇల్లేనని ఒప్పుకోక తప్పదు. మరి ఆ వైద్యశాలలో ఇంటివారి పాత్ర ఏమిటి? ఈ ప్రశ్నకు మన తెలుగు ఇళ్లలో సాధారణంగా కనిపించే సమాధానం సరియైనది కాదని నా అభిప్రాయం. ప్రేమ లేక కాదు. ఉన్నందువల్లనే మనం తోడు అనుకుంటూ కాపలా కాస్తున్నాం. ఈ రెంటికీ గల తేడా మనసుకు మాత్రమే సంబంధించినది కాదు. అది రోగి రక్తంలోని చక్కెర అంకెలలో కూడా కనిపిస్తుంది. ఆ సంగతినే ఇక్కడ పాఠకులతో ముచ్చటించదలచాను.

బూన్ లేలో మన సంసారాలు

సింగపూరు పడమటి భాగంలోని బూన్ లేకు ఆ పేరు, ఒకప్పుడు ఆ ప్రాంతంలో తోటలు పెంచిన చ్యూ బూన్ లే అనే వ్యాపారి వల్ల వచ్చింది. 1990లో ఎం.ఆర్.టి. రైలు అక్కడికి చేరింది. 2009లో పయనీర్, జూ కూన్ స్టేషన్లు తెరిచే వరకు ఆ దారిలో అదే చివరి స్టేషన్. జురాంగ్ పరిశ్రమలలోను, జురాంగ్ ద్వీపంలోని రసాయన కర్మాగారాలలోను, నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలోను పనిచేసే వారికి అనువైన చోటు కావడం చేత మన తెలుగు కుటుంబాలు కూడా ఆ చుట్టుపక్కల కాపురముంటున్నాయి. భార్య, భర్త, ఒకరిద్దరు పిల్లలు, అప్పుడప్పుడు స్వదేశం నుండి వచ్చి కొంతకాలం ఉండి వెళ్లే తల్లిదండ్రులు. ఇదీ అక్కడి సంసారం.

మన ఊళ్లో ఒకరికి జబ్బు చేస్తే ఆ భారాన్ని పదిమంది పంచుకునేవారు. అన్నగారు ఆసుపత్రికి తీసుకువెళ్తే, వదినగారు వంట చూసేది. పక్కింటి పిన్నిగారు పిల్లలను చూసుకునేది. పదకొండవ అంతస్తులోని మూడు గదుల ఇంట్లో ఆ పదిమంది చేయవలసినదంతా ఒక్కరి మీద పడుతుంది. సాధారణంగా ఆ ఒక్కరు జీవిత భాగస్వామి. వారు కూడా ఉద్యోగం చేసి అలసి వచ్చినవారే. ఇటువంటి స్థితిలో సాయం చేయడానికి తీరిక చాలదు. హెచ్చరించడానికి మాత్రం ఒక్క మాట చాలు. అందువల్ల సాయం చేయవలసిన చోట హెచ్చరిక వచ్చి కూర్చుంటుంది.

ఇది ఏ కొద్దిమందికో పరిమితమైన సమస్య కాదు. 2010లో సింగపూరులో జరిపిన జాతీయ ఆరోగ్య సర్వేలో 18 నుండి 69 ఏళ్ల వయసువారిలో నూటికి 11.3 మందికి మధుమేహం ఉన్నట్లు తేలింది. చైనీయులలో అది 9.7, మలయ్ జాతివారిలో 16.6 కాగా, భారతీయ సంతతివారిలో 17.2. ఇక్కడి ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2016లో మధుమేహంపై యుద్ధమే ప్రకటించింది. 2017 జాతీయ దినోత్సవ సభా ప్రసంగంలో నాటి ప్రధానమంత్రి లీ సియన్ లూంగ్ ఈ వ్యాధిని గూర్చి ప్రత్యేకంగా ప్రస్తావించారు. ఇక భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం స్వదేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. దాని గుమ్మంలో నిలిచి ఉన్నవారు మరో 13 కోట్లకు పైగా ఉన్నారు.

తప్పు వెదకడం శాస్త్రీయం కాదు

కాపలా ఎక్కడ మొదలవుతుంది? "నువ్వు తిన్నందువల్లనే ఇది వచ్చింది" అనే భావనలో మొదలవుతుంది. ఈ భావన శాస్త్రానికి నిలవదు. మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. దానిని కండరాలలోకి, కొవ్వు కణాలలోకి పంపేందుకు క్లోమ గ్రంథి నుండి వచ్చే ఇన్సులిన్ కావాలి. పెద్దవారిలో ఎక్కువగా కనిపించే రెండవ రకం మధుమేహంలో శరీరం ఇన్సులిన్ మాటను సరిగా వినదు. కాలక్రమంలో ఇన్సులిన్ ఉత్పత్తి కూడా తగ్గుతుంది. ఇందులో తిండికి, కదలిక లేని జీవితానికి పాత్ర ఉన్న మాట నిజమే. కాని వంశపారంపర్యానికి కూడా పెద్ద పాత్ర ఉన్నది. పైగా మన జాతివారికి బరువు అంతగా పెరగకుండానే పొట్టలోపల కొవ్వు చేరుతుంది. అందుచేతనే 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన నిపుణులు ఆసియా వాసుల విషయంలో శరీర బరువు సూచిక 25 దాకా ఆగకుండా 23 వద్దనే జాగ్రత్తపడడం మంచిదని సూచించారు.

మరొక ఉదాహరణ చూడండి. ఉదయం పరగడుపున పరీక్ష చేస్తే అంకె ఎక్కువ వచ్చింది. వెంటనే, "రాత్రి నాకు తెలియకుండా ఏం తిన్నారు?" అనే ప్రశ్న వస్తుంది. ఆయన ఏమీ తిని ఉండకపోవచ్చు. తెల్లవారుజామున కొన్ని హార్మోనుల ప్రభావం వల్ల కాలేయం తన నిలువలోని గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. ఆరోగ్యవంతునిలో ఇన్సులిన్ దానిని అదుపు చేస్తుంది. మధుమేహ రోగిలో చేయలేదు. అనగా నిద్రలో కాలేయం చేసిన పనికి మెలకువలో మనిషి దోషిగా నిలబడవలసి వస్తున్నది!

దాచిన అంకె చేసే హాని

దోషిగా నిలబడవలసి వచ్చే మనిషి ఏం చేస్తాడు? దాస్తాడు. నలుగురిలో తన కంచంలోని లడ్డును తీసివేసే భార్య ఎదుట తినడం మానేసి, ఆఫీసు క్యాంటీనులో తింటాడు. అంకె ఎక్కువ వచ్చిన రోజున పుస్తకంలో తక్కువ వ్రాస్తాడు. చివరకు పరీక్ష చేసుకోవడమే మానేస్తాడు. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త విలియం పొలాన్‌స్కీ, ఆయన సహచరులు ఈ వ్యాధితో కలిగే మానసిక క్లేశాన్ని కొలిచేందుకు 1995లోనే ఒక ప్రశ్నావళిని ప్రకటించారు. రోగి తిండిమీద, అంకెలమీద నిఘా వేసే బంధుమిత్రులకు అక్కడి వైద్య లోకంలో 'మధుమేహ పోలీసులు' అనే పేరు కూడా వచ్చింది. 2012లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లిండ్సే మేబెర్రీ, చంద్రా ఆస్బోర్న్ ప్రకటించిన అధ్యయనంలో, ఇంటివారి ప్రవర్తన తమకు అడ్డంకిగా ఉన్నదని భావించిన రోగులు మందులు తక్కువ క్రమంగా వేసుకుంటున్నట్లు, మందులు క్రమంగా వేసుకోని వారిలో చక్కెర అదుపు తప్పుతున్నట్లు తేలింది. ఇంటివారికి వ్యాధిని గూర్చి తెలిసి ఉన్నంత మాత్రాన చాలలేదు; ఆ తెలిసిన దానిని వారు ఏ విధంగా ఉపయోగించారన్నదే ముఖ్యమైనది.

దాపరికం ఎంత ప్రమాదమో ఒక్క అడుగు ముందుకు వేసి ఆలోచించండి. రోగి మాత్రలు సగం రోజులు వేసుకోవడం లేదు, వేసుకుంటున్నానని చెబుతున్నాడు. వైద్యుడు చక్కెర తగ్గలేదని మోతాదు పెంచుతాడు. కొన్నాళ్లకు కూతురి ఇంటికి వెళ్లినప్పుడో, ఆసుపత్రిలో చేరినప్పుడో ఎవరో శ్రద్ధగా ఆ పెంచిన మోతాదంతా వేళకు వేయిస్తారు. అప్పుడు చక్కెర ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. వైద్యుని తప్పు లేదు, కూతురి తప్పు లేదు. నిజం చెప్పడానికి ఇంట్లో చోటు లేకపోవడమే ఆ ప్రమాదానికి మూలం. కాబట్టి మధుమేహ రోగి ఉన్న ఇంట్లో అన్నిటికంటె ముందు ఉండవలసినది, ఏ అంకె వచ్చినా భయపడకుండా పైకి చెప్పగల వాతావరణం.

ఇంత పట్టింపు అవసరమా అని కొందరు అడగవచ్చు. 1998లో వెలువడిన బ్రిటన్ దేశపు సుదీర్ఘ పరిశోధనలో రెండు వర్గాల రోగుల మధ్య మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ తేడా 7.9కి, 7.0కి మధ్య ఉన్నది మాత్రమే. అయినా రెండవ వర్గంలో కన్ను, మూత్రపిండం వంటి సూక్ష్మ రక్తనాళాలకు సంబంధించిన ఉపద్రవాలు నూటికి 25 వంతులు తగ్గాయి. ఒక్క శాతం కూడా లేని ఆ తేడా రోజువారీ క్రమశిక్షణ వల్ల వచ్చేదే. ఎర్ర రక్తకణం ఆయువు సుమారు 120 రోజులు కావడం వల్ల ఈ పరీక్ష మూడు నెలల నడవడిని చూపుతుంది. పరీక్షకు ముందు నాలుగు రోజులు పస్తుంటే దానిని మోసగించలేము. మూడు నెలల పాటు ఒక మనిషిని కాపలా కాయడం ఎవరి తరం? తోడుగా ఉండడం మాత్రం సాధ్యమే.

ఒకే కుండ, ఒకే కంచం

తోడుకు మొదటి గుర్తు ఇంట్లో రెండు వంటలు లేకపోవడం. ఆయనకు చప్పిడి రొట్టె, మనకు నేతి పులిహోర అయితే ఆ భోజనం ఆయనకు శిక్ష. అందరికీ ఒకటే వంట, అందులో అన్నం కొంచెం తగ్గించి, పప్పు, కూర, ఆకుకూర పెంచితే అది ఇంటి ఆచారం. ముందుగా కూర, పప్పు తిని తరువాత అన్నం తింటే భోజనానంతరం చక్కెర పెరుగుదల తగ్గుతుందని కొన్ని చిన్న అధ్యయనాలు చూపాయి. ఇందుకు కొత్త ఖర్చు లేదు, వరుస మార్చుకోవడమే.

ఇందులో ఇంటివారి స్వార్థం కూడా ఉన్నది. తల్లికో తండ్రికో మధుమేహం ఉంటే పిల్లలకు ఆ అవకాశం ఎక్కువ. 2002లో అమెరికాలో ప్రకటించిన పరిశోధనలో, వ్యాధి గుమ్మంలో ఉన్నవారు ఆహార వ్యాయామ నియమాలతో వ్యాధి వచ్చే అవకాశాన్ని నూటికి 58 వంతులు తగ్గించుకోగలిగారు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం భారతీయుల మీద జరిపి 2006లో ప్రకటించిన పరిశోధనలో ఆ తగ్గుదల 28.5 వంతులు. కనుక నాన్నగారి కంచాన్ని చూసి మన కంచం మార్చుకోవడం ఆయనకు మనం చేస్తున్న ఉపకారం కాదు, మనకు మనం చేసుకుంటున్న మేలు.

ఇక్కడ కొన్ని భ్రమలు కూడా వదులుకోవాలి. పంచదార బదులు బెల్లమో తేనెయో వాడితే ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. రక్తానికి ఆ తేడా పెద్దగా తెలియదు. రాగి పిండిని జావ కాచి గ్లాసులకొద్దీ త్రాగినా చక్కెర త్వరగానే పెరుగుతుంది. బయట కాఫీ దుకాణాలలో మామూలుగా అడిగితే తియ్యని గట్టిపాలు పోసి ఇస్తారు. 'కోపి ఓ కొసోంగ్' అంటే పాలు, పంచదార లేని కాఫీ; 'తే సి కొసోంగ్' అంటే పంచదార లేకుండా చిక్కని పాలు పోసిన టీ. ఈ రెండు మాటలు ఇంటిల్లిపాది నేర్చుకుని, అందరూ అవే అడిగితే రోగి ఒంటరివాడు కాడు. 2022 చివరి నుండి సింగపూరులో సీసా పానీయాలకు చక్కెరను బట్టి 'ఏ' నుండి 'డి' వరకు న్యూట్రి గ్రేడ్ అనే శ్రేణులు ఏర్పరచారు. 2023 చివరి నుండి అప్పటికప్పుడు తయారుచేసే పానీయాలకు కూడా దానిని వర్తింపజేశారు. పిల్లలకు ఆ అక్షరాలు చూసి కొనడం నేర్పడం తేలిక.

భోజనం తరువాత పదిహేను ఇరవై నిమిషాల నడక రెండవ గుర్తు. కదిలే కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే గ్లూకోజును లోపలికి తీసుకోగలదు. కండరానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని 1929లో వెలుగులోకి తెచ్చినవారిలో మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు కావడం మనకు గర్వకారణం. "వెళ్లి నడవండి" అనడం కాపలా. చెప్పులు తొడుక్కుని "పదండి, జురాంగ్ సెంట్రల్ పార్కు దాకా వెళ్లివద్దాం" అనడం తోడు.

ఇంటివారు తప్పక తెలుసుకోవలసినవి

చక్కెర ఎక్కువ కావడం ఏళ్లు గడిచేకొద్దీ హాని చేస్తుంది. తక్కువ కావడం నిమిషాలలో హాని చేస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవారిలోను, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవారిలోను ఇది ఎక్కువ. చెమటలు, వణుకు, ఆకలి, అయోమయం దీని లక్షణాలు. అకారణమైన కోపం కూడా ఒక లక్షణమే. ఆ కోపాన్ని చూసి తిరిగి కోప్పడకుండా మీటరు తీయండి. అంకె 70 కంటె తక్కువైతే మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి. పంచదార లేని డైట్ పానీయాలు ఇందుకు పనికిరావు. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు. సింగపూరులో వెంటనే 995కు ఫోను చేయాలి. కార్తీక సోమవారాలు, ఏకాదశులు ఉపవాసముండే పెద్దలు ఆ రోజుల మందుల గూర్చి వైద్యునితో ముందే మాట్లాడాలి. వారిని ఉపవాసం మానమని పోరు పెట్టడం కంటె వైద్యుని దగ్గరకు వెంట వెళ్లడం మేలు.

స్వదేశం నుండి వచ్చే తల్లిదండ్రుల విషయంలో మరొక చిక్కు ఉన్నది. అక్కడ చక్కెరను డెసీలీటరుకు మిల్లీగ్రాములలో చెబుతారు; ఇక్కడ లీటరుకు మిల్లీమోళ్లలో చెబుతారు. ఇక్కడి అంకెను 18తో గుణిస్తే అక్కడి అంకె వస్తుంది. గుంటూరులో 180 అన్నది ఇక్కడ 10. అక్కడి 70 ఇక్కడ సుమారు 3.9. క్లినిక్‌లో "ఏడు వచ్చింది" అనగానే నాన్నగారు కంగారు పడవచ్చు, లేదా తగ్గిపోయిందని సంతోషించి మాత్ర మానవచ్చు. అది 126తో సమానమని పక్కనున్నవారే చెప్పాలి. ఇన్సులిన్‌ను విమానంలో చేతి సంచిలోనే ఉంచుకోవాలి. క్రింద సామానులో వేస్తే గడ్డకట్టి పాడుకావచ్చు. సింగపూరు గడియారం మనదేశం కంటె రెండున్నర గంటలు ముందు కనుక మందుల వేళలను గూర్చి ప్రయాణానికి ముందే వైద్యుని అడగాలి. వారానికి కొన్నిసార్లయినా వారి అరికాళ్లు చూడండి. స్పర్శ తగ్గిన పాదానికి పుండు పడినా తెలియదు. వయసు మళ్లినవారు వంగి తమ అరికాలు చూసుకోలేరు. ఈ చిన్న పనిని మనుమడు కూడా చేయగలడు.

ఒంటరివారికి, తోడున్నవారికి

కుటుంబాన్ని కరీంనగర్‌లోనో శ్రీకాకుళంలోనో వదిలి జురాంగ్ వసతి గృహాలలో ఉంటూ షిఫ్టులలో పనిచేసే మన సోదరులున్నారు. వారికి గదిలోని మిత్రులే బంధువులు. తనకు ఈ వ్యాధి ఉన్నదని, చక్కెర పడిపోతే ఏం చేయాలో కనీసం ఒక్కరికైనా చెప్పి ఉంచడం సిగ్గుపడవలసిన విషయం కాదు. భార్య దూరవాణిలో "ఏం తిన్నావు?" అని రోజూ విచారించడం కంటె, "ఈ వారం డ్యూటీ ఏ వేళ? భోజనం ఎప్పుడు కుదురుతుంది?" అని అడిగితే ఎక్కువ ఉపకరిస్తుంది.

తోడుగా ఉండేవారికి కూడా అలసట ఉంటుంది. పదిహేడు దేశాలలో జరిపి 2013లో ప్రకటించిన డాన్-2 అనే సర్వే రోగులతో పాటు వారి కుటుంబ సభ్యులను కూడా ప్రశ్నించింది; ఈ వ్యాధి వారికి కూడా గణనీయమైన భారమేనని గుర్తించింది. అందువల్ల రోగికి కూడా ఒక బాధ్యత ఉన్నది. తనకు ఏ సాయం కావాలో, ఏ మాట బాధిస్తున్నదో నోరు తెరిచి చెప్పాలి. పరీక్ష, మాత్ర తన పనులుగా తానే చేసుకోవాలి. అడగకుండానే అన్నీ గ్రహించాలని ఎదురుచూడడం ఇంటివారికి అన్యాయం.

చివరగా మన సంఘాలకు ఒక మాట. అతిథికి కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద. కాని "ఒక్క బొబ్బట్టు తింటే ఏమవుతుంది?" అని మూడుసార్లు బలవంతపెట్టే నోరే మరునాడు "మీకు షుగరు కదా, ఎందుకు తిన్నారు?" అంటుంది. ఈ రెండూ మానేద్దాం. ఉగాది, సంక్రాంతి విందులలో పంచదార లేని మజ్జిగ, కూరలు ముందు వరుసలో పెట్టి, మిఠాయిలు చిన్నవిగా చేసి, తినేదీ మానేదీ తినేవారికే వదిలేద్దాం.

మీ ఇంట్లో ఈ వ్యాధితో ఉన్నవారిని ఈ రాత్రి ఒక్క ప్రశ్న అడగండి: "నేను ఏం చేస్తే మీకు సులువుగా ఉంటుంది? ఏం మానేస్తే సులువుగా ఉంటుంది?" వారు చెప్పినది చిన్నదైనా, మీకు రుచించనిదైనా, ఒక మూడు నెలల పాటు అదే చేసి చూడవలసిందిగా నా విన్నపం.